సంఘసేవలో సన్నగిల్లిన యుత్సాహము

మన మధురవాడ ప్రాంతపు క్రైస్తవ కుటుంబములలో నిటీవల తఱచుగా వినవచ్చుచున్న మాట యొకటి కలదు. సంఘములో మునుపటి వేడి లేదనునదే యా మాట. పెద్దలు దీనిని నిట్టూర్పుతో ననుచున్నారు. యౌవనులు నవ్వుచు ననుచున్నారు. కాపరులు పైకి అనక మనస్సులో నుంచుకొనుచున్నారు. ఆరాధనకు వచ్చువారు వచ్చుచునే యున్నారు. క్రిస్మసునాడు మందిరములో నిలుచుటకు చోటు దొరకదు. అయినను ఆదివారపు పాఠశాలలో బోధించుటకు మనుష్యులు దొరకరు. గానబృందమున గొంతులు తగ్గినవి. రోగులను చూడబోవు స్త్రీల సమాజము నెల కొక పర్యాయము కూడుటయు కష్టమగుచున్నది. పరిచర్యకు ముందుకు వచ్చినవారి పేర్లు చదువగా అవి పది సంవత్సరముల క్రిందట చదివిన పేర్లే. ఈ విషయమును గూర్చి మా యభిప్రాయమును మొగమాటము లేక వ్రాయదలచితిమి. చదువరులు అంగీకరింపకున్నను ఆలోచించిన చాలును.

ఈ చల్లదనమునకు కారణము భక్తి తగ్గుటయే యని చెప్పుట సులభము. మేమట్లు తలంపము. మన స్థలము మారినది. మన కాలము మారినది. సంఘపు ఏర్పాటు మాత్రము మారలేదు. మధురవాడ యొకప్పుడు భీమునిపట్టణము దారిలో నొక పల్లె. నేడది మహా విశాఖ నగరమున కలిసిన పేట. పోతినమల్లయ్యపాలెములో క్రికెట్టు మైదానము లేచినది; ఋషికొండ మెట్టలపై కంప్యూటరు కార్యాలయములు లేచినవి; కొమ్మాది మొదలుకొని రహదారి కిరువైపుల అపార్టుమెంట్లు వరుసదీరినవి. వీనిలో కాపురమున్నవారిలో అనేకులు శ్రీకాకుళము నుండియు, విజయనగరము నుండియు, గోదావరి మండలముల నుండియు వచ్చినవారు. వీరి సభ్యత్వ పత్రము స్వగ్రామపు సంఘములోనే యున్నది. పెండ్లిండ్లు అక్కడ, సమాధులు అక్కడ, కానుక కొంత అక్కడ. ఇక్కడి మందిరమునకు వీరు చుట్టపు చూపుగా వచ్చి, వెనుక బల్లపై కూర్చుండి, ఆశీర్వాదము కాగానే వెడలిపోవుదురు. చుట్టమును పని చేయుమని ఎవరు అడుగుదురు? అడుగరు గనుక వారు చేయరు. చేయరు గనుక పదేండ్లైనను చుట్టములుగానే మిగిలిపోవుదురు.

దీనికి తోడు 2020వ సంవత్సరపు విపత్తు. ఆ మార్చి మాసాంతమున దేశమంతట మందిరముల తలుపులు మూయబడెను. జూను 8వ తేదీనుండి తెరచుటకు అనుమతి కలిగినను భయము చాల కాలము పోలేదు. ఆరాధన ఫోనులోనికి వచ్చినది. మంచముపట్టిన ముదుసలులకు అది గొప్ప మేలు చేసినదని మేమొప్పుకొందుము. కాని ఆరోగ్యవంతునికి అది యొక మెత్తని పరుపైనది. ఫోనులో ప్రసంగము వినవచ్చును గాని చాప పరచుట, నీళ్లు మోయుట, ఏడ్చుచున్న పొరుగువాని ప్రక్కను కూర్చుండుట ఫోనులో సాగవు. తప్పిపోయిన అలవాటు పాటలు వినుటకంటె పనులు చేయుటలోనే యెక్కువగా తప్పిపోయినది.

ఇట్టి చల్లదనము కనబడగానే మనవారు చేయు చికిత్స యొకటి కలదు. మూడు రాత్రుల ఉజ్జీవ కూటములు పెట్టుట; దూరమునుండి ప్రసంగికులను పిలుచుట; పందిరి, దీపములు, మైకులు, కరపత్రములు. ఇవి తగవని మేమనము. మంచి ప్రసంగము విని మారిన జీవితములు లేకపోలేదు. అయితే నాలుగవ దినమున ఏమి జరుగుచున్నదో చూడవలెను గదా! పందిరి విప్పుదురు, అప్పులు లెక్క చూతురు, అలసిన ఆ నలుగురైదుగురే కుర్చీలు మోసి మరింత అలసిపోవుదురు. కూటములలో కన్నీరు విడిచినవానికి సోమవారమునాడు చేయుటకొక పని ఎవరును చూపలేదు. వారము తిరుగకముందే ఆ వేడి ఆవిరియగుట వింత కాదు. ఉత్సాహము ముందు వచ్చి పని తరువాత వచ్చునని మనవారి నమ్మకము. మా యభిప్రాయము దీనికి విరుద్ధము. చిన్నదైనను నిత్యముగా జరుగు పనియందు చేయి పెట్టిన పిమ్మటనే ఉత్సాహము వచ్చును.

పరిశుద్ధ గ్రంథములో హగ్గయి ప్రవక్త దినముల వృత్తాంతమును మన ఆదివారపు పాఠశాల పిల్లలు తఱచు దాటిపోవుదురు. అది రెండే అధ్యాయముల చిన్న గ్రంథము. బబులోను చెరనుండి తిరిగివచ్చిన జనులు ఆలయపు పునాది వేసిరి, విరోధులు అడ్డగించిరి, పని నిలిచిపోయెను. క్రీస్తుపూర్వము 520వ సంవత్సరము వచ్చునప్పటికి పునాదిపై గడ్డి మొలచి సుమారు పదునారేండ్లైనది. జనులు దుర్మార్గులు కారు. ఇంకను సమయము రాలేదనుచుండిరి, అంతే. ఈ లోపల తమ యిండ్లకు మాత్రము చక్కని పలకలు బిగించుకొనిరి. అట్టివారియొద్దకు ప్రవక్త వచ్చి ఏమి చేసెను? గొప్ప పండుగ చాటింపలేదు. మీ మార్గములను చూచుకొనుడని చెప్పి, కొండ యెక్కి మ్రాను తెండనెను! మొదట మ్రాను, ఆ తరువాత మహిమ. ఆరవ నెల మొదటి దినమున ఆ మాట చెప్పబడెను. ఆ నెల ఇరువది నాలుగవ దినమున పని మొదలయ్యెను. నడుమ నున్నవి ఇరువది మూడు దినములే.

అందులో నింకొక సంగతి కలదు. పని మొదలైన నెలలోపలనే మరల నిరుత్సాహము వచ్చెను. ఈ పర్యాయము అది శత్రువులవలన గాక ముసలివారివలన వచ్చెను. పూర్వపు సొలొమోను ఆలయమును చూచినవారు క్రొత్తదానిని చూచి, ఇదియు నొక ఆలయమేనా యని పెదవి విరిచిరి. మన సంఘములలో "దొరల కాలములో" అని మొదలుపెట్టు ప్రతి సంభాషణమును విన్నప్పుడు మాకు వీరే జ్ఞాపకము వచ్చుచున్నారు. దొరల కాలమున ప్రతి ఆదివారము పండుగగా నుండెననుకొనుట చరిత్ర తెలియక అనుకొనుటయే. ఆ చరిత్రలో కొంత మన గుమ్మము ముందరనే జరిగినది గనుక దానిని కొంచెము వివరముగా చెప్పెదము.

తెలుగుదేశమున ప్రొటెస్టెంటు మిషను పని మన విశాఖపట్టణముననే ఆరంభమైనది. 1805వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజి అను నిరువురు ఈ రేవున దిగిరి. తెలుగు నేర్చిరి, పాఠశాల పెట్టిరి, సువార్తలను తెనిగింప మొదలిడిరి. బ్రాహ్మణ కులమునుండి వచ్చిన క్రైస్తవుడైన ఆనందరాయరు వారికి ఆ పనిలో తోడుపడెను. 1809లో క్రాను, 1810లో డెగ్రాంజి మరణించిరి. ఆరంభించినవారిరువురును అయిదేండ్లలో మట్టిలో కలిసిరి! అయినను వ్రాతప్రతులు పెట్టెలో పడియుండలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. తరువాత వచ్చిన ప్రిచెట్టుగారి చేతిమీదుగా క్రొత్త నిబంధన అంతయు 1818లో చెన్నపట్టణమున అచ్చుపడెను. ఆ పదమూడేండ్లలో ఎంతమందికి బాప్తిస్మ మిచ్చితిరని లెక్క అడిగినయెడల వారు చూపుటకు దాదాపు ఏమియు లేదు. కాని నేడు మన పిల్లవాడు తెలుగున చదువుచున్న సువార్తకు ముందు నడచినది ఆ లెక్కకు రాని పనియే.

1836లో అమెరికా బాప్టిస్టు మిషనరీయగు శామ్యూలు డేగారు కూడ మొదట విశాఖపట్టణమే చేరి, శ్రీకాకుళమునను చెన్నపట్టణమునను కొంత కాలముండి, 1840లో నెల్లూరున స్థిరపడెను. ఆ మిషను కథ చెప్పుకొనదగినది. పదునేడేండ్లైనను ఫలము వ్రేళ్లపై లెక్కింపదగినంతయే. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు ఈ తెలుగు మిషనును మూసివేయుదమా యని ఆలోచించిరి. పటములో దానికి ప్రక్కను మఱియొక స్థానము లేదు గనుక దానిని ఒంటి నక్షత్రమనిరి. శామ్యూలు స్మిత్తుగారు ఆ పేరుమీదనే యొక పద్యము వ్రాసిరి. మూసివేయు ప్రయత్నము నిలిచిపోయెను. 1862లో ఆ మాట మరల లేచెను. అప్పుడు స్వదేశమునకు పోయియుండిన జూయెట్టుగారు, ఎవరు పంపినను పంపకున్నను తాను తెలుగువారియొద్దకే తిరిగిపోవుదునని పట్టుపట్టిరి.

ఈ జూయెట్టుగారే 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి ప్రార్థించినవారు. ఆయనతో నున్నవారు భార్యయు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అను తెలుగు విశ్వాసులును. అందఱు కలిసి అయిదుగురు. నేటికిని దానిని ప్రార్థన కొండ యని పిలుచుచున్నారు. మన ప్రసంగికులు ఈ కొండను గూర్చి చెప్పి, వెంటనే 1878వ సంవత్సరమున ఒక్కదినమున జరిగిన 2222 బాప్తిస్మములను గూర్చి చెప్పుదురు. వినువారికి ఒళ్లు పులకరించును. కాని నడుమనున్న ఇరువది నాలుగేండ్లను వారు దాటవేయుదురు. మాకు ముఖ్యముగా తోచునవి ఆ యిరువది నాలుగేండ్లే.

ఆ నడిమి కాలమున జరిగిన దేమి? క్లౌగారు 1866లో ఒంగోలున నిలిచిరి. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము స్థాపింపబడునప్పటికి సభ్యులు ఎనమండుగురు. అంతకుముందే యెఱ్ఱగుంట్ల పేరయ్య అను తోలుపనివాడు విశ్వసించి, తాళ్లకొండపాడను తన యూరికి పోయి, తన బంధువులతోను పని వాడుకగల యూళ్లవారితోను చెప్పుచు తిరుగుచుండెను. ఎవరును అతనికి జీతమిచ్చి పంపలేదు. చర్మములు కొనుటకును తోలు అమ్ముటకును తాను ఎట్లును నడచు దారులలోనే అతడు మాటలాడెను. ఆ జనవరిలోనే ఆ ప్రాంతమున ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. పిదప 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కరవు. క్లౌగారు యౌవనమున భూములు కొలుచు సర్వేపని నేర్చినవారు. ఆ విద్య ఇప్పుడు పనికివచ్చెను. బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు మించిన భాగమును త్రవ్వించుటకు ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి కూలి యిచ్చిరి. ఉపదేశులు పని చేయువారి నడుమ తిరిగి, రోగులను చూచి, సాయంకాలము కూర్చుండి మాటలాడిరి. అప్పుడు బాప్తిస్మము కోరి వచ్చినవారు వేలకొలది. ఆయన ఇయ్యలేదు! కూటికొఱకు వచ్చిరన్న మాట రాకూడదని, ఏడాదికి పైగా ఒక్కరికిని బాప్తిస్మ మీయక, కూలియు గంజియు మాత్రము ఇచ్చుచు వచ్చిరి. కరవు తగ్గి, పంచుటకు ధనము లేనప్పుడు కూడ జనులు వచ్చిరి. అప్పుడే 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో 2222మంది బాప్తిస్మము పొందిరి. ఆ యేడు కలిసినవారు తొమ్మిది వేలకు మించిరి.

ఈ వృత్తాంతమును మేము సంఖ్యల కొఱకు చెప్పుట లేదు. ఆ కాలమున కులముచేతను ఆకలిచేతను నలిగినవారి కదలిక వేఱు, మన నగరపు జీవితము వేఱు. మేము చూపదలచినది పని జరిగిన రీతి. అది యొక మనుష్యుడు తాను నడచు దారిలోనే చేసినది. తనకు వచ్చిన విద్యతోనే చేసినది. ఫలము లెక్కింపకుండ చేసినది. డోర్నకలులో అజరయ్యగారు ఇదే సంగతిని క్రమముగా మార్చిరి. 1912లో ఆంగ్ల సంఘమునందు భారతీయులలో మొదటి బిషప్పైన ఆయన, బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన చేయి తన తలపై పెట్టుకొని తాను సువార్త చెప్పకున్న తనకు శ్రమయని ఒప్పుకొనవలెనని నేర్పిరి. సాక్ష్య వారమని యేటేట ఒక వారమేర్పరచి, చదువురాని పల్లెవారినే పొరుగు పల్లెలకు పంపిరి. బోధించుట జీతగాని పని యను భ్రమ అక్కడ కొంత తొలగెను. మన నగర సంఘములలో ఆ భ్రమ ఇంకను దృఢముగా నున్నది. కాపరి జీతము తీసికొనుచున్నాడు గనుక ఆయనే చేయవలెననుకొందుము. తరువాత ఆయనలో వేడి తగ్గినదని ఆక్షేపింతుము.

మన నగరమున 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎవరికి ఉత్సాహము తక్కువైనది? చెట్లు కూలి దారులు మూసికొనిపోగా కుఱ్ఱవాండ్రు గొడ్డళ్లు పట్టిరి. ఇరుగుపొరుగువారు కులమత భేదము లేక నీళ్లు పంచుకొనిరి. కరెంటు వచ్చిన పిమ్మట ఎవరి తలుపులు వారు వేసికొనిరి. ఆపదలో పుట్టిన వేడి ఆపదతోనే పోవును. మన పిల్లల తండ్రులలో ఉక్కు కర్మాగారమున పని చేయువారున్నారు. బ్లాస్టు ఫర్నేసు సంగతి వారిని అడుగుడు. ఆ కొలిమిని రాత్రింబగళ్లు నడపవలెను; ఆదివారమని ఆర్పరాదు. ఒకసారి లోపల చల్లబడి ఇనుము గడ్డకట్టినయెడల ఒక్క ఊదుతో అది కరుగదు. కొద్ది కొద్దిగా కోకు వేసి, వేడిగాలి నెమ్మదిగా పెంచి, దినములతరబడి కనిపెట్టుకొని యుండవలెను. తొందరపడినవాడు కొలిమినే పాడుచేయును.

కావున మన సంఘములు మొదట చేయదగినవి మాకు తోచినంతవఱకు చాల చిన్న పనులు. షిఫ్టులలో పని చేయువారిని ముందు చెప్పెదము. కర్మాగారముల బి, సి షిఫ్టులవారును, అమెరికా వేళలకు రాత్రులు మేలుకొని పని చేయు కంప్యూటరు యువకులును ఆదివారము ఉదయము నిద్రమత్తుతో నుందురు. వారిని సోమరులని గద్దించు ప్రసంగములు మేము వింటిమి. ఆదివారము ఉదయము తొమ్మిదిన్నర గంట యనునది పరలోకమునుండి దిగివచ్చిన వేళ కాదు. సాయంకాలము ముప్పాతిక గంట ప్రార్థన యొకటి పెట్టి, దానిని వారే నడుపుకొనునట్లు తాళపుచెవి వారి చేతికే ఇచ్చిన చాలును. తాళపుచెవి ఇచ్చుటకు పెద్దలకు మనసొప్పుట యొకటే కష్టము.

పెద్దల మాట వచ్చినది గనుక ఇదియు చెప్పెదము. పదునైదు, ఇరువది సంవత్సరములుగా ఒక్కరే లెక్కలు వ్రాయుచు, ఒక్కరే పాఠములు చెప్పుచు, ఒక్కరే విందులు నడుపుచున్న సంఘము లున్నవి. వారి నమ్మకత్వమును మేము గౌరవింతుము. కాని మోషే ధర్మశాస్త్రములో నేలకు సైతము ఏడవ యేట విశ్రాంతి యున్నది. అట్టివారికి నిండు సభలో వందనములు చెప్పి ఒక సంవత్సరము సెలవీయవలెను. పదవి తీసివేయుటగా గాక సెలవుగానే ఈయవలెను. ఆ యేడు ఆ పని కొంత చెడిపోవచ్చును. చెడిపోనిండు. వెనుక బల్లపైనున్న ఆ శ్రీకాకుళపు సోదరుని సభ్యత్వ పత్రము తెప్పించి, లెక్కల పుస్తకము ఆయన చేతిలో పెట్టినయెడల, ఆయన ఇక చుట్టము కాడు.

స్త్రీల సమాజమువారికి మేము చెప్పవలసినది తక్కువ. వారే మనకు చెప్పగలరు. వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు వేఱుగా తీసి దేవుని పనికి దాచు అలవాటు తెలుగు సంఘములలో అనేక గృహములయందు కలదు. మిజోరము క్రైస్తవ స్త్రీలు 1910లో ఇట్లే ఆరంభించిన పిడికెడు బియ్యపు కానుక నేటికిని సాగుచు, యేటేట కోట్ల రూపాయలై అనేకులైన సేవకులను పోషించుచున్నది. గ్యాసు పొయ్యి, కుక్కరు వచ్చినంతమాత్రాన మన యిండ్లలో ఈ పిడికెడు ఎందుకు మానవలెనో మాకు తెలియదు. దినమునకు రెండుసార్లు చేయి ఆ కుండవైపు పోవుచుండగా హృదయము చాల దూరము పోలేదు.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. పదవ తరగతి పరీక్షల పేరిట ఎనిమిదవ తరగతినుండియే ఆదివారము ఉదయము ట్యూషను పెట్టుచున్నారు. మేమును ఉపాధ్యాయులమే, పరీక్ష విలువ మాకు తెలియనిది కాదు. ఒక గంట ఆదివారపు పాఠశాలవలన పరీక్ష తప్పిన బాలుని మేమింతవఱకు చూడలేదు. పైగా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు అందఱికంటె ముందు తెలిసిన దేమనగా, నేర్చుకొనుటకు నేర్పుటను మించిన ఉపాయము లేదని. దావీదు గొల్యాతుల కథను అయిదేండ్ల పిల్లలు కదలకుండ వినునట్లు చెప్పగలిగిన బాలిక, ఏ పరీక్షలోనైనను తన మాటను తాను చెప్పగలదు. పదవ తరగతివారిని ఈ యేటికి విడిచిపెట్టెదము. ఎనిమిది, తొమ్మిది తరగతులవారిని మాత్రము మాకీయుడని అడుగుచున్నాము.

జూనులో పాఠశాల తెరచిన పిమ్మట వచ్చు మొదటి ఆదివారమునుండి పసిపిల్లల తరగతి మరల ఆరంభింప దలచితిమి. కావలసినవారు తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఇరువురు, వారితో నొక ఉపాధ్యాయిని. వేళ తొమ్మిది గంటలు. నలుబది నిమిషములకు మించదు. చాపలు మందిరములోనే యున్నవి. పేరు నీయగోరువారు తల్లిదండ్రుల సమ్మతితో ఒక చీటి వ్రాసి, వేసవి సెలవులకు ముందుగా పాఠశాల కార్యాలయమున నీయవలెను.